పాడ్‌కాస్టులో పాట వినిపించాలంటే ఎవరిని అడగాలి?

సంపాదకులు గారికి,

నమస్కారం. డిగ్రీ కళాశాలలో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి పదవీ విరమణ చేసిన నేను, నా పూర్వ విద్యార్థిని ఒకామెతో కలిసి తెలుగు గేయ సాహిత్యం మీద ఒక పాడ్‌కాస్టు చేస్తున్నాను. మాట నాది, రికార్డింగు, ఎడిటింగు ఆమెవి. ఒక్కో ఎపిసోడ్‌కు ఒక పాట తీసుకుని, అందులోని పలుకుబడిని, నడకను, అది పుట్టిన సందర్భాన్ని వివరించి, చివర ఆ పాటను పూర్తిగా వినిపించేవాళ్లం. విన్నవాళ్లలో చూపు లేని విద్యార్థులు ఉన్నారు. డాలస్‌లోనూ సింగపూర్‌లోనూ ఉంటూ పిల్లలకు ఇంట్లో తెలుగు నేర్పుకుంటున్న తల్లులు ఉన్నారు. కిందటి వానాకాలంలో ఒక ఆడియో కంపెనీ తరఫున వచ్చిన ఫిర్యాదు మీద, మా ఎపిసోడ్లలో తొమ్మిదింటిని, వాటిని మేము పెట్టిన ఆన్‌లైన్ వేదిక ఒక్క రోజులో తీసేసింది. ఆ కంపెనీ మీద నాకు కోపం లేదు. వాళ్ల సొత్తును అడగకుండా వాడుకున్నది మేమే. అయితే ఆ తర్వాత నాలుగు నెలలు చట్టం చదివి, తెలిసిన న్యాయవాదిని అడిగి, అనుమతుల కోసం ఉత్తరాలు రాసి తెలుసుకున్న సంగతులు ఈ పనిలో ఉన్న మరికొందరికి ఉపయోగపడతాయన్న నమ్మకంతోనూ, కొన్ని సంస్థలకు మీ పత్రిక ముఖంగా విన్నపం చేయాలన్న ఉద్దేశంతోనూ ఈ లేఖ రాస్తున్నాను.

తెలుగులో పాడ్‌కాస్టులు చేసేవారితో మాట్లాడినప్పుడు కొన్ని మాటలు మళ్లీ మళ్లీ వినిపిస్తాయి. ముప్పై సెకన్లలోపు బిట్ అయితే ఫరవాలేదని ఒకరంటారు. మనం డబ్బు సంపాదించడం లేదు కనుక తప్పు కాదని మరొకరు అంటారు. హక్కులు ఫలానావారివేనని ఎపిసోడ్ కింద రాస్తే చాలునని ఇంకొకరు అంటారు. క్యాసెట్టు కొన్నాం, యాప్‌కు నెలనెలా చందా కడుతున్నాం, ఇంకేం కావాలని అడిగేవారూ ఉన్నారు. ఇందులో మొదటి మూడింటిని నేనూ నమ్మాను. మన 1957 కాపీరైటు చట్టంలో సెకన్ల లెక్క ఎక్కడా లేదు. పేరు చెప్పడం మర్యాద, కొన్నిచోట్ల బాధ్యత కూడా, కానీ అది అనుమతికి బదులు కాదు. డబ్బిచ్చి కొన్నది వినే వీలును మాత్రమే. పాడ్‌కాస్టు చేయడమంటే పాటకు మరో ప్రతి తీసి, దాన్ని ఎవరు ఎప్పుడు కావాలన్నా వినేలా, దింపుకునేలా లోకానికి అందుబాటులో ఉంచడం. ప్రతి తీసే హక్కునూ, ప్రజలకు అందించే హక్కునూ చట్టం యజమాని చేతిలోనే పెట్టింది. పెళ్లి ఊరేగింపులో ఎవరినీ అడగకుండా పాటలు వేస్తున్నాం కదా అని మా బంధువు ఒకాయన వాదించారు. నిజమే, మతపరమైన వేడుకలకూ, పెళ్లికీ దానితో ముడిపడిన సంబరాలకూ చట్టంలోని 52వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపు పెళ్లి పందిట్లో వినిపించినంత వరకే; అదే పాటను ఎపిసోడ్‌లో పెట్టుకోవడానికి అది పనికిరాదు.

తెలిసి ఉల్లంఘిస్తే 6 నెలల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా అని 63వ సెక్షన్ చెబుతోంది. లాభం కోసం చేయని సందర్భాల్లో శిక్ష తగ్గించే వెసులుబాటు కోర్టుకు ఉన్నా, తప్పు తప్పు కాకుండా పోదు. చిన్న పాడ్‌కాస్టు చేసేవారి విషయంలో ముందుగా జరిగేది కేసు కాదు, తొలగింపు. యూట్యూబులో అయితే 90 రోజుల్లో మూడు స్ట్రైకులు, అంటే కాపీరైటు ఉల్లంఘన హెచ్చరికలు, పడ్డ చానల్ మొత్తం పోయే ప్రమాదం ఉంది. రెండేళ్ల పని ఒక పూటలో కనబడకుండా పోవడం ఎలా ఉంటుందో నేను చూశాను కనుక, మరొకరికి ఆ పరిస్థితి రాకూడదని కోరుకుంటున్నాను.

అసలు చిక్కు ఎక్కడ ఉందంటే, పాట అని మనం ఏకవచనంలో అంటున్నది చట్టం దృష్టిలో ఒకటి కాదు. సాహిత్యం ఒక రచన, స్వరకల్పన మరొక రచన, ఆ రెండింటినీ గొంతుతోనూ వాద్యాలతోనూ పట్టి ఉంచిన రికార్డింగు మూడోది. మూడింటికీ యజమానులు వేరు కావచ్చు, గడువులూ వేరే. సాహిత్యానికీ స్వరానికీ కర్త జీవించి ఉన్నంత కాలమూ, మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లూ రక్షణ ఉంటుంది. రికార్డింగుకు విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు. ఈ లెక్కలు నోటితో చెబితే ఎవరికీ పట్టవు కాబట్టి, అందరికీ తెలిసిన ఒక ఉదాహరణ చెబుతాను.

'మాయాబజార్' 1957లో విడుదలైంది. ఆ పాటల రికార్డింగుల మీద హక్కు మన దేశంలో 2017 డిసెంబరుతో ముగిసింది. ఇంత పాత సినిమా, పైగా గడువు తీరిన రికార్డు, ఇంక అడ్డేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఆ పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు గారు 1971లో మరణించారు. కనుక సాహిత్యానికి 2031 చివరి దాకా రక్షణ ఉంది. సంగీతం ఘంటసాల గారిది. ఆయన పోయింది 1974లో, అంటే ఆయన స్వరాలకు 2034 చివరి దాకా. కొన్ని పాటల బాణీలు సాలూరి రాజేశ్వరరావు గారివి. ఆయన 1999 దాకా ఉన్నారు కాబట్టి ఆ స్వరాలకు 2059 చివరి దాకా గడువు నడుస్తుంది. గ్రామఫోను రికార్డు స్వేచ్ఛ పొందినా, అందులో ఉన్న పద్యమూ స్వరమూ ఇంకా కొందరి సొత్తుగానే ఉన్నాయన్నమాట. రికార్డు జోలికి పోకుండా మనమే పాడుకుని రికార్డు చేసుకుందామన్నా మూడు తాళాల్లో ఒకటే తెరుచుకుంటుంది, మిగిలిన రెండూ అలాగే ఉంటాయి. ఆ పాటను పాడిన గాయకుడు తానే వచ్చి మన ఎపిసోడ్‌లో పాడినా పరిస్థితి పెద్దగా మారదు. 2017లో అమెరికా కచేరీల సందర్భంగా ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం, చిత్ర గార్లకు తన స్వరాలను అనుమతి లేకుండా పాడవద్దని ఇళయరాజా గారి తరఫున లీగల్ నోటీసు వెళ్లిన సంగతి అప్పట్లో అన్ని పత్రికల్లోనూ వచ్చింది. అందులో న్యాయం ఎవరి వైపు ఉందన్న చర్చలోకి నేను పోను. పాడిన గొంతుకూ పాట మీద హక్కుకూ చట్టం ఎంత దూరం పెట్టిందో ఆ ఉదంతంతో లోకానికంతా తెలిసిందని మాత్రం చెప్పదలిచాను.

ఇదే లెక్క మనకు మేలు చేసే సందర్భాలూ ఉన్నాయి. గురజాడ 1915లోనే పోయారు కనుక ఆయన గేయాల సంగతి ఎప్పుడో తేలిపోయింది. నండూరి సుబ్బారావు గారు 1957లో పోయారు కనుక 'ఎంకి పాటలు' 2018 మొదలు ఎవరైనా చదువుకోవచ్చు, కొత్త బాణీ కట్టుకోవచ్చు. మల్లాది రామకృష్ణశాస్త్రి గారు మరణించింది 1965లో. ఆయన గీతాల సాహిత్యానికి రక్షణ 2025 డిసెంబరు 31 వరకే. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి విషయంలో 2040 దాకా, శ్రీశ్రీ విషయంలో 2043 దాకా ఆగాలి. కవి మరణించిన సంవత్సరం సాహిత్య చరిత్ర పరీక్షకే పనికొస్తుందని నా విద్యార్థులు అనుకునేవారు. ఇప్పుడు నా బల్ల మీద ఆ సంవత్సరాల పట్టిక ఒకటి ఎప్పుడూ ఉంటోంది. విదేశాల్లో ఉన్న తెలుగువారు పాడ్‌కాస్టు నడుపుతుంటే మరొకటి గుర్తుంచుకోవాలి. అమెరికా చట్టం లెక్కలు వేరు. 1972కు ముందటి రికార్డింగుల విషయంలో అక్కడ 2018లో ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. ఇక్కడ గడువు తీరిన రికార్డుకు అక్కడా గడువు తీరిందని అనుకోవడానికి లేదు.

భక్తి సంగీతం వాడుకునేవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. తెలుగు పాడ్‌కాస్టుల్లో సగానికి సగం ఏదో ఒక కీర్తనతో మొదలవుతాయనిపిస్తుంది నాకు. త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందారు, అన్నమాచార్యులు 1503లో పరమపదించారు, ఇక కాపీరైటు ఎక్కడిదని అడుగుతారు. త్యాగరాజస్వామి విషయంలో సాహిత్యమూ స్వరమూ శిష్యపరంపరగా మనకు అందాయి కనుక, ఎవరో రికార్డు చేసినది కాకుండా మనకు తెలిసిన విద్వాంసుల చేత పాడించుకుంటే చిక్కు లేదు. అన్నమయ్య విషయం అలా కాదు. తిరుమల సంకీర్తన భండారంలో దొరికిన రాగిరేకుల మీద పదాలు ఉన్నాయి, రాగాల పేర్లు ఉన్నాయి, కానీ స్వరాలు లేవు. ఈ రోజు మనం వింటున్న అన్నమయ్య బాణీల్లో అత్యధికం ఇరవయ్యో శతాబ్దంలో పుట్టినవే. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు స్వరపరిచినవి ఉన్నాయి, నేదునూరి కృష్ణమూర్తి గారివి ఉన్నాయి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు వందల సంకీర్తనలకు కట్టిన బాణీలు ఉన్నాయి. రాళ్లపల్లి వారు 1979లో పోయారు. ఆ లెక్కన వారి స్వరాలకు 2039 చివరి దాకా రక్షణ. నేదునూరి వారు 2014లోనూ, బాలకృష్ణప్రసాద్ గారు 2025 మార్చిలోనూ కన్నుమూశారు. అయిదు వందల ఏళ్ల నాటి పదాన్ని నోరారా చదువుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు గాని, మనకు నోటికి వచ్చిన బాణీలో పాడి ఎపిసోడ్‌లో పెట్టాలంటే ఆ బాణీ ఎవరిదో ముందు కనుక్కోవాలి. ఇంటింటా పాడుకునే పాటకు ఒక స్వరకర్త ఉన్నారని, ఆయన నిన్నమొన్నటి దాకా మన మధ్య తిరిగిన మనిషని గుర్తు రావడం కూడా మంచిదేనని నా అభిప్రాయం.

రేడియోలో రోజంతా పాటలు వేస్తున్నారు, మనకే ఎందుకీ బెడద అన్న ప్రశ్న సహజం. 2012 సవరణతో చట్టంలో చేరిన 31డి సెక్షన్ ప్రకారం, ప్రసార సంస్థ ముందుగా నోటీసు ఇచ్చి, నిర్ణయించిన రాయల్టీ కడితే యజమాని ఇష్టాయిష్టాలతో పని లేకుండా ప్రచురిత సంగీతాన్ని ప్రసారం చేసుకోవచ్చు. ఇంటర్నెట్ ద్వారా పాటలు అందించే ఒక యాప్ తనకూ ఆ సెక్షన్ వర్తిస్తుందని వాదించింది. బొంబాయి హైకోర్టు 2019 ఏప్రిల్లో ఆ వాదనను కాదంది; 2022 అక్టోబరులో ద్విసభ్య ధర్మాసనం కూడా అదే నిలబెట్టింది. ఆ సెక్షన్ రేడియో, టెలివిజన్ ప్రసారాలకేనన్నది ఆ తీర్పుల సారాంశం. కనుక పాడ్‌కాస్టు చేసేవారికి ఆ దగ్గరి దారి లేదు. ఒక్కొక్క యజమానినీ విడిగా అడిగి ఒప్పించుకోవలసిందే. ఆకాశవాణి పాత కార్యక్రమాలను ఎక్కడి నుంచో దింపుకుని వాడేవారికీ ఒక మాట. లలిత సంగీతం ముక్క ఇంటర్నెట్‌లో కనబడినంత మాత్రాన అది ఊరుమ్మడి సొత్తు కాదు. అక్కడ పెట్టినవారికే ఆ హక్కు లేకపోవచ్చు.

మాలాంటి సాహిత్య వ్యాఖ్యానాలు చేసేవారికి చట్టం కొంత చోటు ఇచ్చింది. విమర్శ కోసం, సమీక్ష కోసం న్యాయమైన మేరకు వాడుకోవచ్చునని 52వ సెక్షన్ అంటోంది. ఎంత మేరకు అన్నది సందర్భాన్ని బట్టి ఉంటుంది. 2012 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం ముందుకు వచ్చిన వివాదంలో, ఒక హిందీ వార్తా చానల్ ముఖాముఖి కార్యక్రమానికి వచ్చిన గాయని తాను సినిమాల్లో పాడిన పాటల నుంచి కొన్ని పంక్తులు పాడారు. అది పట్టించుకోదగినంత వినియోగం కాదని, అత్యల్పమని ధర్మాసనం భావించింది. ఈ తీర్పును ముప్పై సెకన్ల అనుమతిగా చదువుకోకూడదని మా న్యాయవాది గట్టిగా హెచ్చరించారు. నేను దాన్ని ఇలా అర్థం చేసుకున్నాను. ఒక చరణంలోని రెండు పంక్తులు చదివి, వాటి మీద పది నిమిషాలు మాట్లాడితే అది విమర్శ. పది మాటలు చెప్పి నాలుగు నిమిషాల పాట మొత్తం వేస్తే అది పాట వినిపించడమే, దానికి విమర్శ అని పేరు పెట్టుకున్నా. మేము చేసింది రెండోది.

ఇక్కడ నన్ను బాగా కదిలించిన విషయం ఒకటి చెప్పాలి. పాట వాడుకుంటే నష్టపోయేది ఆడియో కంపెనీయే కదా, వాళ్లకు లేని డబ్బా అని మా విద్యార్థిని మొదట్లో అనేది. 2012 జూన్ 21న అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం, సినిమా హాల్లో సినిమాతో పాటు వినిపించడం మినహా మరే రూపంలో పాట వాడినా, రాయల్టీలో హక్కులు రాయించుకున్నవారితో సమానంగా గేయ రచయితకూ స్వరకర్తకూ భాగం ఉంది. ఆ భాగాన్ని వారు వారసులకో, హక్కుదారుల తరఫున రాయల్టీ వసూలు చేసే కాపీరైటు సొసైటీకో తప్ప ఇంకెవరికీ రాసివ్వలేరు, రాసిచ్చినా చెల్లదు. ఒక్క పాటకు ఒక్కసారి ఇంత అని తీసుకుని, తర్వాత దశాబ్దాల పాటు ఆ పాట ఊరూరా మోగుతున్నా చేతికి పైసా రాక ముసలితనంలో అవస్థ పడ్డ కవులను నా తరం వారు ఎరుగుదురు. వాళ్ల పాటల మీద ప్రేమతోనే పాడ్‌కాస్టు పెట్టిన నేను, వాళ్ల ఇంటికి చేరవలసిన చిన్న మొత్తాన్ని ఎగ్గొట్టినదాన్ని అయ్యానన్న ఆలోచన, ఎపిసోడ్లు పోయినందుకంటే ఎక్కువగా నన్ను బాధపెట్టింది.

తర్వాత మేము చేసిన పని చెబుతాను. మా ఊళ్లో పిల్లలకు వీణ నేర్పే ఒక టీచరు గారిని కలిసి, ఎపిసోడ్ మొదట్లోనూ చివరా వేసుకోవడానికి మోహన రాగంలో 45 సెకన్ల చిన్న కల్పన చేసి వాయించమని అడిగాం. రాగం ఎవరి సొత్తూ కాదు. ఆ కల్పన ఆమెది, రికార్డింగుకు ఖర్చు పెట్టింది మేము. ఆమె అడిగిన పారితోషికం ఇచ్చాం. "ఇంత చిన్న దానికి కాగితం ఎందుకమ్మా, నా మీద నమ్మకం లేదా?" అని ఆమె నొచ్చుకున్నారు. నమ్మకం లేక కాదు, రేపు మీ వాయిద్యాన్ని మా దగ్గర నుంచి ఎవరైనా తీసుకుంటే అడగడానికి మీకూ ఆధారం ఉండాలని నచ్చజెప్పి ఒప్పందం రాసుకున్నాం. ఆ కాగితంలో ఏముండాలో తెలియక చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. హక్కు బదిలీ గాని, లైసెన్సు గాని రాతపూర్వకంగా ఉండాలి. ఎంతకాలమో రాయకపోతే 19వ సెక్షన్ ప్రకారం అది 5 ఏళ్లకే పరిమితం. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే పరిమితం. మా శ్రోతల్లో కొందరు డాలస్‌లో ఉన్నప్పుడు ఆ ఒక్క మాట రాయకపోవడం వల్ల ఎంత ఇబ్బందో ఆలోచించండి. మా ఒప్పందంలో పాడ్‌కాస్టు పేరు, వాడే తీరు, ప్రపంచమంతటా అన్న మాట, ఇన్నేళ్లు అన్న గడువు, ఇచ్చిన మొత్తం, ప్రతి ఎపిసోడ్‌లోనూ ఆమె పేరు చెప్పే బాధ్యత, ఆ కల్పన మీద మిగిలిన హక్కులన్నీ ఆమెవేనన్న వాక్యం ఉన్నాయి. ఒకే పేజీ. మా పాడ్‌కాస్టు విని మరో ఇద్దరు ఆమె చేత సంగీతం చేయించుకున్నారు. ప్రతి ఊళ్లోనూ వీణ, వేణువు, నాదస్వరం, డప్పు, తంబుర వాయించే కళాకారులు ఉన్నారు. ఎక్కడిదో విదేశీ ట్రాక్ వెతికి పెట్టుకునే ముందు ఒక్కసారి వాళ్ల గడప తొక్కమని మన పాడ్‌కాస్టర్లను కోరుతున్నాను.

డబ్బు పెట్టలేనివారికి యూట్యూబ్ ఆడియో లైబ్రరీ, ఫ్రీ మ్యూజిక్ ఆర్కైవ్ వంటివి ఉన్నాయి. కర్తలే షరతులు ముందుగా చెప్పి అందరికీ వాడుకునే వీలిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో వచ్చే ట్రాకులు తీసుకునేటప్పుడు ఏ లైసెన్సో చూడాలి. కొన్నిటికి కర్త పేరు చెబితే చాలు, కొన్నిటిని వాణిజ్యానికి వాడకూడదు, కొన్నిటిని మార్చకూడదు. మీ పాడ్‌కాస్టులో ప్రకటన ఒక్కటి వచ్చినా, వాణిజ్యేతర లైసెన్సు ఉన్న ట్రాక్‌తో చిక్కు మొదలైనట్టే. రాయల్టీ ఫ్రీ అని రాసి ఉంటే ఉచితమని కాదు, వాడిన ప్రతిసారీ విడిగా కట్టనక్కరలేదని మాత్రమే. దింపుకున్న రోజున ఆ పేజీని భద్రపరచుకోవడం మంచి అలవాటు, ఎందుకంటే రేపు షరతులు మారితే మన దగ్గర రుజువు ఉండాలి.

అయినా వీణ కల్పనతోనూ ఉచిత ట్రాకులతోనూ మా అసలు అవసరం తీరదు. సినిమా పాటను గురించి మాట్లాడేటప్పుడు ఆ పాటను వినిపించాలన్న కోరిక దొంగతనపు బుద్ధి కాదు, పాఠం చెప్పేవారి అవసరం. అందుకే తొమ్మిది ఎపిసోడ్ల కోసం హక్కుదారులని తోచినవారందరికీ ఉత్తరాలు రాశాను. కొందరి నుంచి జవాబు లేదు. ఒక చోట నుంచి వచ్చిన జవాబులో, వ్యాపార ప్రకటనలో పాట వాడుకునే వారికి చెప్పే మొత్తమే మాకూ చెప్పారు. నెలకు మూడు వందల మంది వినే, ఆదాయం లేని పాడ్‌కాస్టుకు ఆ మొత్తం అందేది కాదు. చట్టం పాటించాలనుకునేవారికి దారి ఇంత ఇరుకుగా ఉంటే, అడగకుండా వాడేవారే ఎక్కువవుతారు, కవులకు ఆ చిన్న మొత్తమూ చేరదు. కనుక ఆడియో కంపెనీలకూ, గేయ రచయితల, స్వరకర్తల పక్షాన 1969 నుంచి ఉన్న ఐపీఆర్ఎస్ అనే కాపీరైటు సొసైటీకీ నా విన్నపం ఇది. ఆదాయం లేని, లేదా స్వల్ప ఆదాయం ఉన్న పాడ్‌కాస్టులకు, విద్యా సంబంధమైన వాటికి, శ్రోతల సంఖ్యను బట్టి ఒక సంవత్సరపు రుసుము నిర్ణయించి, సాహిత్యం, స్వరం, రికార్డింగు మూడింటికీ కలిపి ఒకే చోట అనుమతి దొరికేలా చూడండి. దరఖాస్తును, షరతులను తెలుగులో ఇవ్వండి. ఏడాదికి రెండు మూడు వేలు కట్టి నిశ్చింతగా పని చేసుకోవడానికి నాకు తెలిసిన పాడ్‌కాస్టర్లలో చాలామంది సిద్ధంగా ఉన్నారు.

తిరుమల తిరుపతి దేవస్థానాలకు మరో విన్నపం. 1978 నుంచి అన్నమాచార్య ప్రాజెక్టు నడుపుతున్న సంస్థగా, ఏ సంకీర్తన ఏ బాణీ ఎవరిదో చెప్పగలిగే సమాచారం మీ దగ్గర ఉన్నంతగా మరెక్కడా ఉండదు. సంకీర్తన, స్వరకర్త, రికార్డింగు సంవత్సరం, వాడుకునే షరతులు చూపే పట్టిక ఒకటి ప్రకటిస్తే, లాభాపేక్ష లేని వినియోగానికి ఒక సులువైన లైసెన్సు ఇస్తే, అన్నమయ్య పదం చట్టబద్ధంగా ఎంత దూరం వెళ్తుందో ఊహించుకోవచ్చు. ఆకాశవాణి తెలుగు కేంద్రాల పాత లలిత గీతాల విషయంలో ప్రసార భారతి నుంచి కోరేదీ ఇటువంటి పట్టికే.

చివరిగా హక్కుదారు ఎవరో తెలియని పాటల సంగతి. రచయిత మరణించి, లేదా ఆచూకీ తెలియక, వారసులు దొరకనప్పుడు 31ఎ సెక్షన్ కింద దరఖాస్తు చేసుకుని, నిర్ణయించిన రాయల్టీ జమ చేసి ఆ రచనను వాడుకోవచ్చు. దరఖాస్తుకు ముందు, దేశంలో ఎక్కువ భాగంలో చదివే ఒక ఆంగ్ల దినపత్రికలో ప్రకటన వేయాలని ఆ సెక్షన్ చెబుతోంది. రచనను అనువాదం చేసి ప్రచురించాలంటే ఆ భాషా పత్రికలోనూ వేయాలట. అనువాదం కానప్పుడు ఆంగ్లంలో వేస్తే చాలు. 1960లలో నాలుగు సినిమాలకు పాటలు రాసి పల్లెలో కన్నుమూసిన తెలుగు కవి మనవరాలు ఢిల్లీలోనో ముంబైలోనో అచ్చయ్యే ఆంగ్ల పత్రికలో ఆ ప్రకటన చూస్తుందా? మూల రచన ఏ భాషలో ఉందో ఆ భాషా దినపత్రికలో కూడా ప్రకటన తప్పనిసరి చేయాలని మన పార్లమెంటు సభ్యులు అడగాలి.

మీ పత్రిక నుంచి కోరేది చిన్న పని. సినిమా పేజీలో, ఆదివారం అనుబంధంలో పాత పాటల గురించి వ్యాసాలు వేస్తున్నప్పుడు కథానాయకుడి పేరు, గాయకుల పేర్లు తప్పకుండా ఉంటున్నాయి. రచయిత పేరు కొన్నిసార్లు ఉండదు. రికార్డు వేసిన కంపెనీ పేరు ఎప్పుడూ ఉండదు. రచయిత, స్వరకర్త, రికార్డు కంపెనీ, విడుదలైన సంవత్సరం, ఈ నాలుగూ ప్రతి వ్యాసం కింద ఒక్క పంక్తిలో వేయండి. మా తొమ్మిది ఎపిసోడ్లలో ఆరింటిని పాట లేకుండా, రెండేసి పంక్తులు మాత్రమే చదువుతూ మళ్లీ రికార్డు చేశాం. మిగిలిన మూడు పాటలకు రచయితల వారసులు ఎక్కడ ఉన్నారో ఇంకా వెతుకుతున్నాం.

భవదీయ,
తెలుగు విశ్రాంత అధ్యాపకురాలు,
తెనాలి